చిన్న టీవీ కేంద్రాలు, మత ప్రసారాలు: అమెరికా అనుభవం

1980లలో దూరదర్శన్ మన చిన్న పట్టణాలలో 100 వాట్ల ట్రాన్స్‌మిటర్లు నెలకొల్పింది. స్తంభం ఊళ్ళోనే ఉండేది. కార్యక్రమాలు మాత్రం ఉపగ్రహం మీదుగా ఎక్కువగా ఢిల్లీ నుంచి వచ్చేవి. కర్ణాటకలోనో ఒరిస్సాలోనో ఉన్న తెలుగు ఇంట్లో బొమ్మ స్పష్టంగా కనిపించేది, ఇంటి భాష మాత్రం వినిపించేది కాదు. ట్రాన్స్‌మిటర్ ఊళ్ళో ఉన్నంత మాత్రాన ప్రసారం ఊరిదవుతుందా? ఈ ప్రశ్నకు అమెరికాలో చట్టమే జవాబు చెప్పవలసి వచ్చింది. అక్కడి చిన్న మత ప్రసార కేంద్రాల చరిత్ర చూస్తే ఆ జవాబు బోధపడుతుంది.

అమెరికాలో కొండల చాటున ఉన్న గ్రామాలకు పెద్ద కేంద్రాల ప్రసారం అందేది కాదు. దానిని అందుకొని మరో ఛానల్ మీద తిరిగి పంపే ‘ట్రాన్స్‌లేటర్’ యంత్రాలకు 1956లో అనుమతి లభించింది. వీటికి సొంత కార్యక్రమాలు ఉండకూడదు. 1982లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఈ నిబంధన సడలించి ‘లో పవర్ టెలివిజన్’ అనే కొత్త తరగతిని ఏర్పరచింది. ట్రాన్స్‌మిటర్ శక్తి సాధారణంగా వీహెచ్ఎఫ్ ఛానళ్ళలో 10 వాట్లకు, యూహెచ్ఎఫ్‌లో 1,000 వాట్లకు మించరాదని అప్పటి నిబంధన. ప్రసారం సాధారణంగా పాతిక ముప్పై కిలోమీటర్ల మేర అందుతుంది. పెద్ద కేంద్రంతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. అందువల్ల దరఖాస్తులు వేల సంఖ్యలో వచ్చాయి. ఒకే ఛానల్‌కు పలువురు పోటీపడిన చోట 1983 నుంచి లాటరీ తీసి లైసెన్సులు ఇచ్చారు.

ఈ కేంద్రాల పేర్లలో ఛానల్ సంఖ్య కూడా ఉండేది. మిన్నెసోటా రాష్ట్రంలోని బెమిడ్జిలో వెలసిన తొలి కేంద్రాలలో ఒకదాని పేరు ‘కె26ఎసి’. ‘కె’ అంటే సాధారణంగా మిసిసిపీ నదికి పడమటి వైపు, 26 ఛానల్ సంఖ్య, చివరి రెండక్షరాలు వరుస గుర్తు.

అయితే లైసెన్సుతోపాటు ఒక షరతు ఉండేది. ఈ కేంద్రాలది ‘ద్వితీయ’ హోదా. పెద్ద కేంద్రాల ప్రసారానికి ఇవి అడ్డు తగలకూడదు. పెద్ద కేంద్రం వల్ల తమకు అంతరాయం కలిగినా ఊరుకోవాలి. అదే ఛానల్‌ను పెద్ద కేంద్రానికి కేటాయిస్తే చిన్నది తప్పుకోవాలి. కేబుల్ సంస్థలు స్థానిక కేంద్రాలను తప్పనిసరిగా చూపాలన్న 1992 చట్టం కూడా, కొద్ది మినహాయింపులు తప్ప, వీటికి వర్తించలేదు.

మత సంస్థలకు ఈ అవకాశం ఎందుకు నచ్చింది? అంతకుముందు వారిలో చాలామంది వాణిజ్య కేంద్రాలలో అరగంటకు ఇంతని సొమ్ము చెల్లించి సమయం కొనుక్కునేవారు. సొంత లైసెన్సు ఉంటే ఆ బాధ లేదు. చర్చిలో ఒక గది, ఒకటి రెండు కెమెరాలు, ప్రేక్షకుల విరాళాలు ఉంటే కేంద్రాన్ని నడపవచ్చు. ఆదివారం ఆరాధన, స్థానిక గాయకబృందం పాటలు, టెలిఫోన్‌లో ప్రార్థన కోరేవారికి సమాధానాలు, ఇవే కార్యక్రమాలు.

కాని ఉపగ్రహం రాకతో పరిస్థితి మారింది. 1973లో దక్షిణ కాలిఫోర్నియాలో మొదలైన ట్రినిటీ బ్రాడ్‌కాస్టింగ్ నెట్‌వర్క్ 1978లో ఉపగ్రహ ప్రసారం చేపట్టింది. ఆ తరువాత దేశమంతటా చిన్న కేంద్రాలు నెలకొల్పి, ఒకే కార్యక్రమాన్ని అన్నింటిలోనూ చూపింది. స్తంభం ఒక ఊరిలో, గొంతు మరో ఊరిది. ఇరవై ఆరేళ్ళ క్రితం ట్రాన్స్‌లేటర్ చేసిన పనినే ఇవి మళ్ళీ చేశాయి.

ఈ తేడాను 1999లో అమెరికా కాంగ్రెస్ గుర్తించింది. ఆ ఏడాది వచ్చిన చట్టం చిన్న కేంద్రాలకు ‘క్లాస్ ఎ’ అనే రక్షిత హోదాను కల్పించింది. చట్టం రావడానికి ముందు తొంభై రోజులపాటు రోజుకు కనీసం 18 గంటలు ప్రసారం చేసి ఉండాలి, వారానికి సగటున కనీసం మూడు గంటలు ఆ ప్రాంతంలోనే తయారైన కార్యక్రమాలు చూపి ఉండాలి అన్నవి ముఖ్యమైన అర్హతలు. ఆ మూడు గంటలే హద్దు. సొంత కార్యక్రమం ఉన్నవారికి రక్షణ దొరికింది, కేవలం తిరిగి పంపేవారికి దొరకలేదు.

ఈ హోదా విలువ తరువాత తెలిసింది. విరాళాలు తగ్గాయన్న కారణంతో ట్రినిటీ సంస్థ 2010లో పలు చిన్న కేంద్రాలను ఆపివేసింది. 2017లో ముగిసిన వేలంలో 38 నుంచి 51 వరకు టీవీ ఛానళ్ళ తరంగాలు మొబైల్ సేవలకు వెళ్ళాయి. ఆ ఛానళ్ళలోని చిన్న కేంద్రాలు వేరే చోటు వెతుక్కోవలసి వచ్చింది. ‘క్లాస్ ఎ’ కేంద్రాలు వేలంలో పాల్గొని సొమ్ము పొందగలిగాయి, మిగిలినవాటికి ఆ హక్కు లేదు. తరలింపు ఖర్చుల కోసం 2018లో కాంగ్రెస్ 15 కోట్ల డాలర్ల వరకు కేటాయించింది. 2021 జూలై 13తో చిన్న కేంద్రాల అనలాగ్ ప్రసార గడువు కూడా ముగిసింది. 2023 జనవరిలో మరో చట్టం చిన్న మార్కెట్లలోని కేంద్రాలకు ‘క్లాస్ ఎ’ హోదా కోరే అవకాశాన్ని ఇంకోసారి ఏడాదిపాటు ఇచ్చింది. సొంత కార్యక్రమం నిబంధన అందులోనూ ఉంది.

మన దేశంలో స్తంభాల ద్వారా టీవీ ప్రసారం ప్రసార భారతికే పరిమితం. తిరుమల తిరుపతి దేవస్థానం 2008లో ప్రారంభించిన భక్తి ఛానల్ కూడా ఉపగ్రహం మీదనే వెళ్తుంది. అంత స్తోమత లేని చిన్న సమూహానికి దగ్గరగా ఉన్నది సముదాయ రేడియో. విద్యాసంస్థలకు 2002లో, స్వచ్ఛంద సంస్థలకు 2006లో అది అందుబాటులోకి వచ్చింది. దాని శక్తి సాధారణంగా 100 వాట్లు, అంటే పాత దూరదర్శన్ ట్రాన్స్‌మిటర్ అంకెే. అయితే ఇక్కడ కార్యక్రమాలలో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో తయారు కావాలి. అవి వీలైనంతవరకు స్థానిక భాషలో, మాండలికంలో ఉండాలని కూడా నిబంధనలు చెబుతున్నాయి.

హోసూరులోనో బళ్ళారిలోనో ‘స్థానిక భాష’ అంటే ఒక్కటే కాదు. మన ఊళ్ళోని తెలుగు కూడా స్థానిక భాషే. అమెరికా చిన్న కేంద్రాలు చెబుతున్నది ఇదే: అనుమతి ఒకరు ఇస్తారు, మరొకరు తీసుకుంటారు. వారానికి మూడు గంటలు తమ మాట తాము చెప్పుకోగలిగినవారికే దానిని నిలుపుకునే హక్కు దక్కింది.