మొక్కనాటి గాయము

“మొక్కై వంగనిది మానై వంగునా” యను సామెత వినని తెలుగు గృహము లేదు. వీధిబడులలో కోదండము వేసిన పంతుళ్లును, గోడకుర్చీ వేయించినవారును, తొడపాశము పెట్టినవారును ఈ సామెత నీడనే నిలిచిరి. నేడును బిడ్డపై చేయి యెత్తు తండ్రి దీనినే ప్రమాణముగ జూపుచున్నాడు. సామెత యబద్ధము కాదు. మొక్కనాటి వంపు మానునందు నిలుచుట నిజమే. అయితే మొక్కనాడు తగిలిన గాయము సైతము మానుతోపాటు పెరుగునను రెండవ సగమును మనము మఱచితిమి. తోటమాలి యెఱిగిన యీ సంగతిని గడచిన కొన్ని దశాబ్దములలో వైద్యశాస్త్రము మనుష్యుని విషయమున లెక్కలతో నిరూపించినది. బిడ్డలుగల ప్రతి గృహస్థుడును దీని నాలకింపవలసియున్నది.

అమెరికాలోని శాన్‌డియాగో నగరమున కైజర్ పెర్మనెంటే యను వైద్యసంస్థయందు విన్సెంట్ ఫెలిట్టీ యను వైద్యుడు 1980వ దశకమున స్థూలకాయులకు చికిత్స చేయు శాఖను నడుపుచుండెను. ఆయనకొక వింత గోచరించెను. బాగుగ బరువు తగ్గుచున్నవారు సైతము పెక్కురు నడుమనే చికిత్స విడిచి పోవుచుండిరి. కారణ మరయగోరి యాయన వారిని పిలిపించి, వారి పూర్వకథలను సావధానముగ వినెను. బాల్యమున లైంగిక దురాచారమునకు గుఱియైనవారు వారిలో ననేకులుండిరి. వైద్యుడు రోగమని యెంచిన స్థూలకాయము వారిలో కొందఱికి పరుల దృష్టినుండి తమ్ము కాపాడుకొను కోటగోడయై యుండెను. గోడను కూల్చవచ్చిన వైద్యునినుండి వారు తొలగిపోవుటలో వింత యేమున్నది?

ఈ యనుభవము పెద్ద పరిశోధనకు దారితీసెను. ఫెలిట్టీయును, అమెరికా ప్రభుత్వపు వ్యాధి నివారణ కేంద్రమునకు జెందిన రాబర్ట్ ఆండాయును కలిసి 1995 మొదలు 1997 వఱకు 17,000కు మించిన పెద్దలను ప్రశ్నించిరి. వీరు నిరుపేదలు గారు. వైద్యబీమా గలవారు, పెక్కురు కళాశాలలో చదివినవారు. 18 ఏండ్లు నిండకముందు మీరు దెబ్బలు తింటిరా, అవమానముల పాలైతిరా, తల్లిని కొట్టుట చూచితిరా, ఇంట త్రాగుబోతుగాని మతి చెదరినవాడుగాని కారాగారమునకు బోయినవాడుగాని యుండెనా యని యడిగిరి. 1998లో ప్రకటించిన మొదటి ఫలితములను బట్టి, సగమునకు మించినవా రిట్టి కష్టముల నొక్కటియైన ననుభవించిరి. నాలుగు తెగల కష్టములుగాని అంతకు మించిగాని యనుభవించినవారిలో త్రాగుడు, మత్తుమందులు, మనోవ్యాకులత, ఆత్మహత్యాప్రయత్నము అనువాని ప్రమాదము, ఏ కష్టమును ఎఱుగనివారికంటె 4 మొదలు 12 రెట్లు హెచ్చుగ నుండెను. గుండెజబ్బు, క్యాన్సరు, ఊపిరితిత్తుల వ్యాధి, కాలేయవ్యాధి కూడ కష్టముల సంఖ్యతో మెట్టుమెట్టుగ పెరిగెను.

జ్ఞాపకములపై కట్టిన లెక్కలను ఎంతవఱకు నమ్మవచ్చునని విజ్ఞులు శంకింపవచ్చును. బాల్యకష్టమునకును వ్యాధికిని వెనుక మఱియొక మూలకారణ ముండరాదాయనియు నడుగవచ్చును. శంక న్యాయమైనదే. దానికి చాలవఱకు సమాధానము రుమేనియా దేశమున లభించినది. అచ్చట చౌషెస్కూ ప్రభుత్వము జనసంఖ్యను పెంచదలచి 1966లో గర్భస్రావమును నిషేధించెను. పోషింపలేని తల్లిదండ్రు లనేకులు బిడ్డలను ప్రభుత్వ శిశుగృహముల కప్పగించిరి. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వము కూలునాటికి లక్షకు మించిన బిడ్డ లట్టి గృహములలో నుండిరి. వారికి అన్నము కలదు, మంచము కలదు. తమదియని చేరుకొనుటకు ఒక్క యొడి లేదు.

చార్లెస్ నెల్సన్, నాథన్ ఫాక్స్, చార్లెస్ జీనా యను శాస్త్రజ్ఞులు 2000లో బుకారెస్టు నగరమున 136 మంది శిశువుల నెన్నుకొని, చీట్లు వేసినట్లు విభజించి, సగముమందిని పెంపుడు కుటుంబముల కప్పగించిరి. తక్కినవారికి నాటి ప్రభుత్వపద్ధతియే జరిగెను. వారికి వేఱొక ఆశ్రయము దొరకినపుడు దాని కడ్డుచెప్పలేదు. నాలుగున్నర యేండ్ల ప్రాయమున బుద్ధిపరీక్ష చేయగా శిశుగృహముల తెగవారికి సగటున 73, పెంపుడు ఇండ్ల తెగవారికి 81, మొదటినుండియు కన్నవారియొద్ద పెరిగినవారికి 109 వచ్చినవి. రెండేండ్లు నిండకముందే ఒక యింటికి చేరినవారు ఆలస్యముగ చేరినవారికంటె మిన్నగ కోలుకొనిరి. సుమారు 12 ఏండ్ల ప్రాయమున మరల పరీక్షింపగా, శిశుగృహముల తెగవారి దేహములు ఒత్తిడి కలిగినపుడు తగినంతగ స్పందింపక మొద్దువారియుండెను. పెంపుడు ఇండ్లకు వేళకు చేరినవారి స్పందనము సామాన్య బాలుర స్పందనమును పోలియుండెను. ఇచ్చట జ్ఞాపకముల ప్రసక్తి లేదు. బిడ్డలు ఒక్కటే, భేదము ఒడి కలుగుటయు, కలుగకపోవుటయు మాత్రమే.

మనస్సున బడిన దెబ్బ దేహమున కెట్లు ప్రాకును? వరద వచ్చిన రాత్రి ఊరివారందఱు ఏటిగట్టున కావలి కాయుదురు. ఆ రాత్రి పొలము పని సాగదు, పశువులను చూచువాడుండడు. వరద తీసిన మఱునాడు అందఱును తమ పనులలో జొత్తురు. దేహమును నట్టిదే. భయము కలిగినపుడు మూత్రపిండములపై నుండు గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అను రసములను రక్తమున విడుచును. గుండె వేగిరపడును, రక్తపుపోటు హెచ్చును, చక్కెర పెరుగును, జీర్ణము మందగించును. ఆపద తొలగిన పిమ్మట సర్వమును సర్దుకొనును. కాని ప్రతి రాత్రియు వరదయైనచో నా యూరి పొలములేమగును? నిత్యము భయమున పెరుగు బిడ్డ దేహము కావలి మానలేక రక్తనాళములను, రోగములనుండి కాపాడు శక్తిని అరుగగొట్టుకొనును. మెదడులో భయమును పసిగట్టు భాగము పదునెక్కి, ఆలోచించి అణచుకొను భాగము వెనుకబడును.

కావుననే యట్టివాడు పెద్దయైన పిమ్మట చిన్నమాటకే మండిపడును. లేదా నోరెత్తక ముడుచుకొనును. గుండె కుదుటపడుటకు చుట్టయో సారాయో వెదకుకొనును. లోకము వానిని దుర్వ్యసని యనును; వాడు తన కెవ్వరును చేయని వైద్యమును తానే చేసికొనుచున్నాడు. చేసిన తప్పును దీనివలన మన్నింపుమని మేము చెప్పుట లేదు. వేరు నెఱుగక కొమ్మలు నఱికినచో ప్రయోజనము లేదని మాత్రమే చెప్పుచున్నాము.

ఇదంతయు పరదేశపు ముచ్చటయని తలంపరాదు. భారత ప్రభుత్వపు స్త్రీ శిశు సంక్షేమ శాఖ 2007లో ప్రకటించిన నివేదికకై 13 రాష్ట్రములలో 12,447 మంది బాలబాలికలను ప్రశ్నించిరి. ఆ రాష్ట్రములలో నాటి ఆంధ్రప్రదేశము నొకటి. ప్రతి ముగ్గురిలో నిద్దఱు దెబ్బలు తిన్నవారే. లైంగిక దురాచారమున కేదోయొక రూపమున గుఱియైనవారు సగమునకు మించిరి. అంతట 2009 విద్యాహక్కు చట్టపు 17వ సెక్షను బడిలో దేహశిక్షను, మనోవేదన కలిగించుటను నిషేధించినది. చట్టము పంతులు చేతిలోని బెత్తమును తీసివేసినది. తలుపు వేసిన యింటిలోని కేకను చట్టము వినజాలదు. అది వినవలసినవారు ఇంటివారే.

శిక్షలేనిదే క్రమశిక్షణ యెట్లని పెద్దలడుగుదురు. కష్టమంతయు కీడు కాదు. పరీక్షలో తప్పుట, ఆటలో నోడుట, చేసిన తప్పునకు మందలింపు వినుట బిడ్డను గట్టిపఱచును, వెనుక ఆదరించు చేయి యున్నప్పుడు. ఆదరింపవలసిన చేయియే భయహేతువైనపుడు బిడ్డకు దిక్కెవ్వరు? విధేయత యని మనము మురియునది పెక్కుమారులు వెఱపే.

ఇది తలవ్రాత కాదని చెప్పుటకును సాక్ష్యమున్నది. హవాయి దీవులలో కవాయి యను చోట 1955లో పుట్టిన 698 మంది శిశువులను ఎమ్మీ వెర్నర్ అను విదుషి తోడివారితో కలిసి దశాబ్దములపాటు పరిశీలించెను. దారిద్ర్యము, గృహకలహము, తల్లిదండ్రుల వ్యాధి మొదలగు పెక్కు కష్టములనడుమ పెరిగినవారిలో సుమారు మూడవవంతు సమర్థులై, దయాళువులై యెదిగిరి. వారి జీవితములలో సామాన్యముగ కనబడిన దొక్కటి: తల్లియో, అమ్మమ్మయో, పినతల్లియో, పొరుగువాడో, ఉపాధ్యాయుడో, నమ్మి చేరదగిన పెద్ద యొక్కరైన నుండిరి.

నారుమడిలో నీరు నిలిచినచో రాత్రికి రాత్రి లాంతరు పట్టుకొని పరుగెత్తు రైతులు మన పాఠకులలో గలరు. వ్యాపారపు చిట్టాను కాసు తప్పకుండ చూచుకొను గృహస్థులు గలరు. ఇంటి బిడ్డ రాత్రి యేల ఉలికిపడుచున్నదో, ఫలానా బంధువు రాగానే యేల దాగుచున్నదో, తండ్రి యడుగుల చప్పుడు వినగానే యేల మౌనము దాల్చుచున్నదో అదే జాగ్రత్తతో గమనింపవలదా? ఆ బిడ్డ చెప్పునపుడు నమ్ముడు. చెప్పనపుడు భయపెట్టక చెంత కూర్చుండుడు. ఆస్తిని బిడ్డల పేర వ్రాయుటకు వీలునామా కలదు. మన భయములను, మన కోపములను మాత్రము వ్రాతకోతలు లేకయే వారికి సంక్రమింప జేయుచున్నాము. ఈ వారసత్వము మన తరముతో నాగుగాక!