అతుకు పక్కన విరిగే గాలం కర్ర

ఎల్లంపల్లి జలాశయం ఒడ్డున గాలం వేసేవాళ్ల చేతుల్లో అతికిన ఫైబర్‌గ్లాస్ కర్రలు చాలానే కనిపిస్తాయి. కాసిపేట, మందమర్రి, గోదావరిఖని నుంచి సెలవు రోజున అక్కడికి చేరే బొగ్గుబాయి కార్మికులకు చేతిపని బాగా వచ్చు. విరిగిన కర్రను వాళ్లు పారేయరు. లోపల ఇనుపచువ్వ దోపి, అరాల్డైట్ లాంటి ఎపాక్సీ జిగురు పూసి, పైన నైలాన్ దారం బిగించి మళ్లీ వాడతారు. అలాంటి కర్ర రెండోసారి విరిగినప్పుడు శ్రద్ధగా చూస్తే అతుకు చెక్కుచెదరకుండా ఉంటుంది. అతుకు ముగిసిన చోట, వేలెడు దూరంలో, అంతకుముందు ఏ దెబ్బా తగలని భాగం చీలిపోయి ఉంటుంది. కర్ర పాతబడిందని, నాసిరకమని చాలామంది అనుకుంటారు. అసలు కారణం అతికిన తీరులోనే ఉంది.

విరిగినచోట బలం పోయింది కాబట్టి అక్కడ ఎంత బలం చేరిస్తే అంత మంచిదని మనకు తోస్తుంది. కానీ గాలం కర్ర పనంతా వంగడమే. మొదలు నుంచి కొస దాకా ఆ వంపు ఎక్కడా తెగకుండా సాగాలి. మధ్యలో వంగని ముక్క ఒకటి వచ్చి చేరితే, అది ముగిసే అంచు దగ్గర ప్రతిబలం పోగుపడుతుంది. అతుకు వేసేవారు ముందుగా ఆలోచించవలసింది ఈ అంచు గురించే.

ఫైబర్‌గ్లాస్ అంటే గాజునార, దాన్ని పట్టి ఉంచే రెసిన్, ఈ రెండింటి కలయిక. కిటికీ అద్దం పెళుసు. అదే గాజును వెంట్రుక కంటే ఎంతో సన్నని నారగా తీస్తే దాని బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. బ్రిటిష్ ఇంజనీరు ఏ.ఏ. గ్రిఫిత్ 1921లో ప్రచురించిన పరిశోధనలో దీనికి కారణం చూపాడు. గాజు తన ఉపరితలం మీది సూక్ష్మమైన చీలికల వల్లే విరుగుతుంది. నార సన్నబడినకొద్దీ పెద్ద చీలికకు అందులో చోటుండదు. 1932లో అమెరికాలో డేల్ క్లైస్ట్ అనే యువకుడు గాజు దిమ్మెలను అతికే ప్రయత్నంలో ఉండగా, గాలి ధార కరిగిన గాజును తాకి సన్నని పోగులు రాలాయి. గాజునారను కర్మాగారంలో విరివిగా తయారుచేసే దారి అక్కడ తెరుచుకుంది.

గాలం కర్రలోకి ఈ పదార్థం ఒక మరమ్మతు ద్వారానే ప్రవేశించింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా రసాయన శాస్త్రవేత్త ఆర్థర్ హోవాల్డ్ వెదురు ఫ్లై రాడ్ కొస విరిగింది. మేలురకం వెదురు చైనా నుంచి రావాలి. యుద్ధం వల్ల అది దొరకడం లేదు. ప్లాస్టిక్ రెసిన్లతో పనిచేసే ఆయన, విరిగిన కొస స్థానంలో గాజునార, రెసిన్ కలిపి కొత్త ముక్క తయారుచేసుకున్నాడు. ఆ పద్ధతితోనే షేక్‌స్పియర్ కంపెనీ 1947లో ‘వండర్‌రాడ్’ను మార్కెట్లోకి తెచ్చింది. ఆ తరవాతి కాలంలో అమెరికాలో వెదురు కర్రలను ఫైబర్‌గ్లాస్ కర్రలు వెనక్కి నెట్టాయి.

ఫ్లై రాడ్ మన దగ్గర అరుదు. కొర్రమీనుకు బతికున్న ఎర, రవ్వకూ బొచ్చెకూ పిండిముద్ద వాడే మన గాలంలో ఎర బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై రాడ్‌తో విసిరే ఎర ఈకలు, దారం చుట్టి చేసిన పురుగు బొమ్మ. దానికి చెప్పుకోదగ్గ బరువే ఉండదు. అందుకని దారానికే బరువు పెడతారు. 5వ నంబరు దారంలో మొదటి 30 అడుగుల బరువు 140 గ్రెయిన్లు, అంటే దాదాపు 9 గ్రాములు. ఈ కొద్దిపాటి బరువును గాలిలో ముందుకూ వెనక్కూ ఆడించి దూరంగా పంపాలంటే కర్ర ప్రతి విసురుకూ రెండు వైపులా వంగాలి. ఒక్క పూటలోనే వందలసార్లు ఇలా జరుగుతుంది. అందుకే అతుకులోని లోపం ఫ్లై రాడ్‌లో త్వరగా బయటపడుతుంది. మన బజారులో దొరికే మామూలు గాలం కర్రలో కొంత ఆలస్యంగా బయటపడుతుంది, అంతే. సూత్రం రెండింటికీ ఒకటే.

బోలుగా ఉన్న కర్ర వంగేటప్పుడు దాని గుండ్రని అడ్డుకోత క్రమంగా కోడిగుడ్డు ఆకారానికి నొక్కుకుపోతుంది. పల్చని గొట్టాల్లో ఈ పరిణామాన్ని 1927లో ఎల్.జి. బ్రేజియర్ గణితపరంగా వివరించాడు. ఒక హద్దు దాటాక గోడ పక్కలకు విచ్చుకుని నిలువునా చీలుతుంది, ఆ తరవాతే కర్ర అడ్డంగా తెగుతుంది. కాబట్టి కంటికి కనిపించే విరుపు ఒకచోట ఉన్నా, నిలువు చీలిక దానికి అటూ ఇటూ కొన్ని సెంటీమీటర్ల దాకా పాకి ఉండవచ్చు. దాన్ని కనిపెట్టకుండా వేసిన అతుకు నిలవదు.

ఇక్కడ గాజునార మనకు ఒక మేలు చేస్తుంది. నారకూ రెసిన్‌కూ పట్టు వదిలినచోట అది తెల్లబారుతుంది. రంగు వేయని కర్ర లోపలికి టార్చి వెలుతురు పంపితే ఆ తెలుపు ఎక్కడ ఆగిందో స్పష్టంగా తెలుస్తుంది. నల్లని కార్బన్ కర్రలో ఈ సౌకర్యం లేదు. రంగు వేసిన కర్ర అయితే నాణెంతో మెల్లగా తడుతూ పోవాలి. పొరలు విడిపోయినచోట శబ్దం డొల్లగా మారుతుంది. బాయిలో పని మొదలుపెట్టే ముందు కప్పును గడ్డపారతో తట్టి, శబ్దాన్ని బట్టి పొర వదిలిందో లేదో చెప్పే అనుభవజ్ఞులకు ఈ పరీక్షను ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. విరిగినచోట కర్ర బయటి వ్యాసం 8 మిల్లీమీటర్లు, గోడ మందం 1 మిల్లీమీటరు అనుకుంటే లోపలి రంధ్రం 6 మిల్లీమీటర్లు. వంపును ఎదిరించే గుణం వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. గాజునార గొట్టపు స్థితిస్థాపక గుణకాన్ని 35 గిగాపాస్కల్స్‌గా, ఉక్కుకు 200గా తీసుకుందాం. ఆ రంధ్రంలో నిండుగా పట్టే ఇనుపచువ్వ ఒక్కటే కర్ర కంటే 2.6 రెట్లు బిరుసుగా ఉంటుంది. రెండూ కలిసిన భాగంలో బిరుసుదనం 3.6 రెట్లకు చేరుతుంది. చువ్వ ముగిసిన మిల్లీమీటరులోనే అది మళ్లీ ఒకటికి పడిపోతుంది. కర్ర అతుకు పక్కన ఎందుకు విరుగుతుందో ఈ అంకెలే చెబుతున్నాయి. అదే రంధ్రంలో గాజునారతో చేసిన నిండు ముక్క పెడితే బిరుసుదనం పెరిగేది 46 శాతమే. పాత, పనికిరాని ఫైబర్‌గ్లాస్ కర్రల ముక్కలను దాచుకోవడం అందుకే మంచి అలవాటు.

అయితే సరిగ్గా విరిగిన తలం దగ్గర పరిస్థితి వేరు. అక్కడ గొట్టం గోడ తెగిపోయింది. భారం దాదాపు అంతా లోపలి ముక్కే మోయాలి. 6 మిల్లీమీటర్ల నిండు గాజునార ముక్క మోయగలిగింది అసలు కర్ర మోతశక్తిలో 62 శాతం. మిగతాది బయటి నుంచి రావాలి. కర్ర పొడవునా నారలు పేర్చి, రెసిన్‌తో తడిపి అర మిల్లీమీటరు మందాన పొర వేస్తే, లెక్క ప్రకారం ఆ తలం మోతశక్తి 119 శాతానికి చేరుతుంది. చేత్తో వేసిన పొర కర్మాగారంలో వేసినంత బిగువుగా రాదు కాబట్టి ఇందులో కొంత తగ్గించుకోవాలి. అయినా సరిపోతుంది.

దారం చుట్టడంతోనే పని పూర్తయిందనుకునే పొరపాటు మన దగ్గర చాలా ఎక్కువ. అడ్డంగా చుట్టిన దారం గొట్టం విచ్చుకోకుండా, నిలువుగా చీలకుండా ఆపుతుంది. వంపు భారాన్ని మాత్రం అది మోయదు. ఆ పని పొడవునా పేర్చిన నారలది. దారం వాటి మీద చివరగా రావాలి.

ఇక జిగురు సంగతి. అతుకులో బలం ఒక ముక్క నుంచి మరో ముక్కకు జిగురు పొరలో కోత ప్రతిబలంగా ప్రవహిస్తుంది. ఆ ప్రతిబలం అతుకు పొడవునా సమంగా ఉండదని, రెండు చివర్ల దగ్గర ఎక్కువై మధ్యలో తగ్గిపోతుందని ఓ. ఫోల్కర్సెన్ 1938లో చూపాడు. అందువల్ల అతుకు పొడవు రెట్టింపు చేస్తే బలం రెట్టింపు కాదు. చివర్లను పలచబరిస్తే మాత్రం ఆ శిఖరాలు తగ్గుతాయి. బాయిలో రూఫ్ బోల్టు కూడా ఇలాగే పనిచేస్తుంది. కప్పులోకి వేసిన రంధ్రంలో రెసిన్ క్యాప్సూల్ పెట్టి, బోల్టును తిప్పుతూ ఎక్కిస్తే లోపలి రెండు రసాయనాలు కలిసి గట్టిపడి రాతినీ ఉక్కునూ పట్టేస్తాయి. కదలాలని చూసే రాతిపొర బరువు ఆ సన్నని రెసిన్ గుండానే బోల్టుకు చేరుతుంది. రంధ్రం మరీ వెడల్పయితే, దుమ్ము మిగిలితే, రెసిన్ సరిగా కలవకపోతే బోల్టు పట్టదు. గాలం కర్ర అతుకును చెడగొట్టేవీ ఈ మూడే.

లోపలి ముక్క పొడవు ఒక్కో వైపు రంధ్రం వ్యాసానికి 8 నుంచి 10 రెట్లు ఉండాలి. పై ఉదాహరణలో 5, 6 సెంటీమీటర్లన్నమాట. దాని రెండు చివర్లనూ చివరి 2 సెంటీమీటర్ల మేర శాండ్‌పేపర్‌తో క్రమంగా సన్నబరచాలి. కర్ర కొసవైపు సన్నబడుతూ పోతుంది కాబట్టి, పిడి అడ్డు లేకపోతే, ముక్కను కింది భాగపు మొదలు నుంచి లోపలికి పంపి సన్నని పుల్లతో తోయాలి. విరిగినచోటు దాటి సగం బయటికి వచ్చి తనంతట తానే బిగుసుకుంటుంది. అప్పుడు ఆ సగాన్ని పై భాగంలో సరిపోయేలా అరగదీయాలి. ముక్క మీద పొడవునా ఒక సన్నని గాడి గీయడం మరిచిపోకూడదు. లేకపోతే లోపల చిక్కిన గాలి జిగురును బయటికి నెట్టేస్తుంది. చీలిన అంచుల్లో వదులుగా ఉన్న పోగులనే కత్తిరించాలి. కోసే ముందు టేపు చుడితే కొత్త చీలికలు రావు. నిలువు చీలికల్లోకి పల్చని ఎపాక్సీ ఇంకించి, దారంతో బిగించి ఆరనివ్వాలి. గైడ్లు, అంటే దారం సాగే రింగులు, అన్నీ ఒకే వరసలో ఉండేలా ముందుగా కర్ర మీద గీత గీసుకుని, జిగురు పూశాక ఇనుప యాంగిల్ గాడిలో పడుకోబెడితే వంకర రాదు. బయటి పొరలో కూడా ఒక్కో వరస నారను కిందిదానికంటే పొట్టిగా కోయాలి. అప్పుడే పొర అంచు మెట్టులా కాకుండా వాలుగా ముగుస్తుంది.

కాసిపేట ఎండ ఈ పనిలో మిత్రుడూ శత్రువూ కూడా. ఈ బొగ్గు ప్రాంతంలో మే నెలలో 45 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడిలో కలిపిన ఎపాక్సీ చేతిలోనే గట్టిపడుతుంది. సాయంత్రం చల్లబడ్డాక, కొద్దికొద్దిగా కలుపుకోవాలి. గది వేడికి గట్టిపడిన మామూలు ఎపాక్సీ 50, 60 డిగ్రీల మధ్య మెత్తబడడం మొదలుపెడుతుంది. ఎండలో నిలిపిన కారులోని వస్తువులు అంత వేడెక్కడం పెద్ద విషయం కాదు. కాబట్టి ఒక రోజు నీడలో ఆరనిచ్చి, ఆ తరవాత కదలకుండా కట్టి, లేత ఎండతో మొదలుపెట్టి రోజూ కాస్త ఎక్కువ వేడి తగలనివ్వాలి. ఇలా మెల్లగా వేడి పెంచితే ఎపాక్సీ అణువుల అల్లిక ఇంకా పూర్తయి, అది మెత్తబడే ఉష్ణోగ్రత పైకి జరుగుతుంది. వానాకాలంలో మరో చిక్కుంది. గాలిలోని తేమ వల్ల గట్టిపడిన ఎపాక్సీ మీద జిడ్డులాంటి పొర తేలుతుంది. దాన్ని నీళ్లతో కడిగి, ఆరబెట్టి, శాండ్‌పేపర్ పట్టాకే మరో పొర వేయాలి.

గాజునారను పొడిగా అరగదీయకూడదు. తడి శాండ్‌పేపర్ వాడాలి, ముక్కుకు మాస్కు కట్టాలి. దుమ్ము ఊపిరితిత్తులకు ఏం చేస్తుందో బాయి కుటుంబాలకు తెలుసు. బాయిలో జాగ్రత్తగా ఉండి ఇంటి అరుగు మీద నిర్లక్ష్యం చేయడం తగదు. ఎపాక్సీ హార్డెనర్ కొందరి చర్మానికి శాశ్వతంగా పడకుండా పోయే ప్రమాదముంది, కాబట్టి చేతి తొడుగులు తప్పనిసరి.

అన్ని విరుపులూ అతుకుకు లొంగవు. కొస దగ్గర 2, 3 మిల్లీమీటర్ల మందం ఉన్నచోట లోపలి ముక్కకు చోటే ఉండదు. విరిగినచోటికే కొత్త కొస గైడ్ బిగించి కాస్త పొట్టి కర్రతో సరిపెట్టుకోవడం మేలు. రెండు భాగాలు ఒకదానిలో ఒకటి దూరే కీలు పగిలితే ఆ భాగం మార్చాల్సిందే. కరెంటు లైన్ల మీద పనిచేసేవాళ్లు వాడే ఫైబర్‌గ్లాస్ కడ్డీలను ఈ పద్ధతిలో ఎన్నడూ అతకకూడదు. అతుకులో చిక్కిన తేమ కంటికి కనిపించదు, దాని గుండా కరెంటు పారితే ప్రాణం పోతుంది.

అతుకు పూర్తయ్యాక కర్ర మొదలును బల్లకు బిగించి, కొసకు చిన్న బరువు కట్టి, వెనక తెల్లగోడ ఉండేలా పక్క నుంచి చూడాలి. వంపు అతుకు దగ్గర బల్లపరుపుగా కనిపిస్తే బయటి పొర ఎక్కువైందని అర్థం. అంచుల నుంచి అరగదీసి తగ్గించాలి. మొదటి కొన్ని వేటల తరవాత ప్రతిసారీ అతుకు రెండు చివర్లనూ టార్చి వెలుతురులో పరీక్షించాలి. ఎక్కడైనా తెలుపు మొదలైతే, కర్ర చీలకముందే పై పొర విప్పి, ఇంకా పొడవైన వాలుతో మళ్లీ వేసుకోవచ్చు.