పాత ఎలక్ట్రిక్ కారు కొనేముందు

పెట్రోలు ఖర్చు తగ్గుతుందని మన కుటుంబాలలో కొందరు పాత ఎలక్ట్రిక్ కార్లవైపు చూస్తున్నారు. ఆలోచన మంచిదే. అయితే ఏళ్లతరబడి కూడబెట్టిన సొమ్ము గనుక తొందరపడకూడదు. పెట్రోలు కారులో మనం ఇంజిను చూస్తాము. ఇందులో చూడవలసినది బ్యాటరీ. కారంతటిలో ఖరీదైన భాగం అదే. రంగు, సీట్లు తరువాతి మాట.

వయస్సువల్ల, వాడకంవల్ల, ముఖ్యంగా వేడివల్ల బ్యాటరీ బలం క్రమంగా తగ్గుతుంది. మన ఎండల సంగతి చెప్పనక్కరలేదు. ఉదాహరణకు, 2020 జనవరిలో విడుదలైన టాటా నెక్సాన్ ఈవీ బ్యాటరీకి 8 సంవత్సరాలు లేక 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందయితే అంతవరకు కంపెనీ వారంటీ ఇచ్చింది. ఆ ఏడాది కొన్న బండికి అది 2028తో ముగుస్తుంది. మిగిలిన కాలాన్నిబట్టి బేరమాడాలి. వారంటీ మన పేరుమీదికి మారుతుందా అని కూడా విచారించాలి.

పరీక్ష సులభమే. పూర్తిగా చార్జి చేయించి, ఏసీ వేసి 40 కిలోమీటర్లు నడిపి చూద్దాము. 20 శాతం తగ్గితే, మొత్తం సుమారు 200 కిలోమీటర్లు వస్తుందన్నమాట. కొత్తలో ప్రకటించిన 312 కిలోమీటర్లు పరీక్షశాల లెక్క. రోడ్డుమీద అంత రాదు. సర్వీసు సెంటరులో బ్యాటరీ రిపోర్టు తీయించడం మరీ మంచిది.

ఇంట్లో ఎర్త్ సరిగా ఉన్న 15 ఆంపియర్ల ప్లగ్గు ఉండాలి. అపార్టుమెంటువారైతే ముందే సంఘంతో మాట్లాడుకోవాలి. ఆర్‌.సి.లో బ్యాంకు అప్పు కనబడితే, అది తీరినట్లు పత్రం చేతికి వచ్చాకే డబ్బివ్వాలి. రిపోర్టు చూపించడానికి అమ్మేవారు వెనుకాడితే, మనం మరో బండి చూసుకోవడమే మేలు.