చిన్నహగరి యొడ్డున అక్షరగుండు

రాయదుర్గ ప్రాంతమనగానే వెలుపలివారికి స్ఫురించునది కరువు. అందులో అసత్యము లేదు. దేశమున మిక్కిలి తక్కువ వాన పడు జిల్లాలలో అనంతపుర మొకటి. ఇచటి ఏరులలో సంవత్సరమున పెక్కు నెలలు నీటికి బదులు ఇసుకయే కనిపించును. అయినను వానలు వెలసిన పిమ్మట, కార్తీకమాసమున ఒకనాటి ఉదయమున పట్టణము వదలి పడమటి దారి పట్టినవారికి ఈ నేల మఱియొక ముఖమును చూపును. ఎవరో పోగులు పోసినట్లున్న రాతిగుండ్లు, వాని సందులలో సీతాఫలపు పొదలు, గట్ల వెంట తంగేటిపూవుల పసుపు, వేరుశనగ పీకిన చేల ఎఱ్ఱదనము కన్నులకు విందు చేయును. కొంతదూరము పోవునప్పటికి దారిప్రక్క పలకలపై తెలుగు లిపి పోయి కన్నడ లిపి వచ్చును. రాష్ట్రము మారినదనుటకు అదియే గుర్తు. టీ దుకాణములో వినవచ్చు మాట మాత్రము ఇంకను రెండు భాషల కలగలుపుగానే యుండును.

ఆ ఎల్లకు ఆవల, చిత్రదుర్గము జిల్లా మొళకాల్మూరు తాలూకాలో, బ్రహ్మగిరి, సిద్ధాపురము, జటింగ రామేశ్వరము అను మూడు స్థలములు దగ్గఱదగ్గఱగా నున్నవి. వేదవతికి ఉపనదియైన చిన్నహగరి వాని చేరువనే పాఱును. రాయదుర్గమునుండి బ్రహ్మగిరి పక్షి యెగురు దారిని సుమారు పదునైదు కిలోమీటర్లు. రహదారి చుట్టు తిరిగినను, ఉదయము బయలుదేఱినవారు మూడింటిని చూచి రాత్రి భోజనమునకు ఇల్లు చేరవచ్చును. ఈ మూడు చోట్లను అశోకుని శిలాశాసనములు కలవు. సారనాథమునకు పోయి సింహస్తంభశిరమును చూచి వచ్చు తెలుగు యాత్రికునికి, ఆ చక్రవర్తి మాట తన యూరి ప్రక్కనే రాతిపై నున్నదని ఒకరు చెప్పవలసి వచ్చుట విచారకరము.

1892లో మైసూరు శాసనములను సేకరించుచున్న బి. ఎల్. రైస్ వీనిని లోకమునకు వెల్లడించెను. అంతకు ముందు ఊరివారికి అవి తెలియనివి కావు. బ్రహ్మగిరి బండను వారు ‘అక్షరగుండు’ అనియే పిలిచెడివారు. అందేమి వ్రాసియున్నదో తెలియకపోయినను అవి అక్షరములని గుర్తించి, ఆ పేరు పెట్టిన అజ్ఞాతుడు అభినందనీయుడు.

ఆ శాసనము ఆరంభమైన తీరు చూడదగినది. సువర్ణగిరినుండి ఆర్యపుత్రుడును మహామాత్రులును ఇసిలలోని మహామాత్రుల ఆరోగ్యమును అడుగవలసినదని మొదటి మాట. మన పెద్దలు జాబు వ్రాయునపుడు ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టినట్లే, రెండువేల రెండువందల యేండ్ల క్రిందటి రాజాజ్ఞయు క్షేమసమాచారముతో మొదలైనది. ఈ కుశలప్రశ్న ఈ ప్రాంతపు శాసనములలోనిదే. తక్కిన చోట్ల రాజు నేరుగా విషయములోనికి దిగును. ఇసిల యనునది సిద్ధాపుర, బ్రహ్మగిరుల పరిసరములందలి పట్టణమే. సువర్ణగిరి యెక్కడిదను విషయమున భిన్నాభిప్రాయము లున్నవి. కనకగిరి పేరు చెప్పువారు కొందఱు. కర్నూలు జిల్లాలోని జొన్నగిరియే అదియని పలువురి మతము. జొన్నగిరికి సమీపమున ఎఱ్ఱగుడియొద్ద అశోకుని శాసనములు దొరకుట ఈ మతమునకు బలము. అదియే నిజమైనచో, నేడు తెలుగునాడైన చోటినుండి నేడు కన్నడనాడైన చోటికి పోయిన జాబు ఇది.

జాబులోని విషయము మఱింత ఆశ్చర్యకరము. తాను ఉపాసకుడనై రెండున్నర యేండ్లు దాటినను మొదటి యేడు గట్టిగా యత్నింపలేదని రాజు ఒప్పుకొనును. ఈ ఫలము గొప్పవారికే కాదు, ప్రయత్నించినచో అల్పునికిని దక్కుననును. పిమ్మట, ‘అంతులు’ సయితము, అనగా ఎల్లలయందు నివసించువారు సయితము, దీనిని తెలిసికొనవలెనని కోరును. రాయదుర్గమునుండి పోయి ఆ బండయెదుట నిలిచిన వానికి ఈ మాట తన్ను ఉద్దేశించినదే యనిపించినచో ఆశ్చర్యమేమి? ఆ రాజు తలచిన ఎల్ల వేఱు. మౌర్యరాజ్యమునకు దక్షిణపుటంచు అది. నేటి ఎల్ల మొదట కంపెనీవారి కాలపుది. 1800లో నిజాము దత్తమండలములను ఇంగ్లీషువారికి అప్పగింపగా, రాయదుర్గము మద్రాసు పాలనలోనికిని, మొళకాల్మూరు మైసూరు సంస్థానములోనికిని చేరినవి. 1953 అక్టోబరు 1వ తేదీన బళ్ళారి మైసూరునకు పోయి, రాయదుర్గము అనంతపురము జిల్లాలో చేరుటతో ఉత్తరమునను ఎల్ల వెలసినది. అప్పటివఱకు కోర్టుపనికి, కచేరీపనికి బళ్ళారి పోవుచుండిన కుటుంబములకు జిల్లా రాజధాని ఒక్కదినమున మాఱినది.

శాసనపు రెండవ భాగము తల్లిదండ్రుల మాట వినవలెననియు, ప్రాణులయెడ దయ చూపవలెననియు, సత్యము పలుకవలెననియు, శిష్యుడు ఆచార్యుని గౌరవింపవలెననియు చెప్పి, ఇది పురాతనమైన నడవడి యనును. కడపట వ్రాతగాని పేరున్నది: చపడుడు. అంతయు బ్రాహ్మీలిపిలో ఎడమనుండి కుడికి చెక్కిన ఆ మనుష్యుడు, ‘లిపికారునిచే’ అను నర్థము గల మాటను మాత్రము ఖరోష్ఠిలో, కుడినుండి ఎడమకు చెక్కెను. అది గాంధారదేశపు లిపి. ఆతడు వాయవ్యమున పనిచేసి వచ్చినవాడని పండితులు ఊహింతురు. దూరదేశపు విద్య తనకు తెలియునని చిన్నహగరి యొడ్డున చాటుకొనుటలో కొంత గర్వమును, కొంత బెంగయు నున్నట్లు తోచును.

బ్రహ్మగిరి పాదమున చరిత్ర అశోకునితో మొదలు కాలేదు. 1947లో మార్టిమర్ వీలర్ ఇచట త్రవ్వించి, పొరలను మూడు సంస్కృతులుగా విభజించెను. అన్నిటికంటె అడుగున నున్నది నునుపు చేసిన రాతిగొడ్డళ్ళ సంస్కృతి. దానిపై పెద్ద రాతిపలకలతో సమాధులు కట్టి ఇనుము వాడినవారిది. మూడవదానికి ఆయన పెట్టిన పేరు ‘ఆంధ్ర సంస్కృతి’. శాతవాహనుల కాలపుదగుటచే ఆ పేరు. రాతిపలకల సమాధులలో పెక్కింట ఒక పలకకు గుండ్రని రంధ్ర ముండును. నిదానముగా నడచిన వారికే ఇవి కానవచ్చును. కారు దిగి అక్షరగుండు చూచి మరలువారికి పొలములోని రాళ్ళుగానే మిగులును.

మధ్యాహ్నము దాటిన పిదప జటింగ రామేశ్వరపు కొండ ఎక్కుట మేలు. రావణునితో పోరి జటాయువు పడినది ఇచటనే యని స్థలపురాణము. లేపాక్షివారును ఈ మాటయే చెప్పుదురు. రెక్కలు తెగిన పక్షి రెండు చోట్ల ఎట్లు పడునని తర్కించుటకంటె, ఇంత రాతినేలలో ప్రతి యూరివారును తమ కొండకొక కథ కావలెననుకొనుట గమనింపదగినది. పైనుండి చూచినచో చిన్నహగరి ఇసుకదారి మెలికలు తిరిగి పోవుచుండును. ఆ దృశ్యమున రాష్ట్రముల యెల్ల ఎక్కడ నున్నదో పోల్చుట దుర్లభము.

ఇచటి శాసనము మూడింటిలో మిక్కిలి అరిగినది. గుడికి పోవు మెట్ల చేరువ, నేలపైనున్న బండపై అది చెక్కబడినది. ఆ బండకు ‘బళెగార గుండు’, అనగా గాజులవారి బండ యని పేరు. ఏటేట తిరునాళ్ళలో గాజుల వర్తకులు దానిపైననే దుకాణములు పెట్టెడివారట. పందిరి గుంజలు నిలుపుటకు వారు తొలిచిన గుంటలు అక్షరముల నడుమ నున్నవి. కొని తొడుగుకొన్న స్త్రీల పాదములక్రింద తరతరములుగా చక్రవర్తి మాట నలిగినది. రైస్ చూచునప్పటికే చాల పంక్తులు చదువ వీలుకాక పోయినవి; ప్రక్కయూళ్ళ రెండు బండలతో పోల్చియే తక్కిన దానిని పూరింపవలసి వచ్చెను.