తాలు తేలును, గట్టి గింజ మునుగును



కృష్ణా పశ్చిమ కాలువకు నీరు వదలిన వార్త వినగానే మంగళగిరి, దుగ్గిరాల, తెనాలి ప్రాంతములలో నారుమళ్ళకు తొందర పుట్టును. ఆ తొందరలో ఇంటి విత్తనమును ఒకసారి తూర్పారబట్టి, నానబోసి, మండెకట్టి చల్లివేయుట కద్దు. గాలికి పోయినది పూర్తి తాలు మాత్రమే. సగము పాలు పోసికొని ఆగిపోయిన గింజ గాలికి పోదు; గట్టి గింజతో కలిసి నారుమడిలో పడును. అదియు మొలకెత్తవచ్చును. కాని మొక్క వేరూని తన తిండి తాను సంపాదించుకొనువరకు గింజలోని పిండియే దానికి ఆధారము. ఆ పిండి తక్కువైన గింజనుండి వచ్చిన నారు బలహీనముగా నుండును. నాటిన తరువాత త్వరగా తేరుకొనదు.

కంటికి ఈ రెండు గింజలును ఒక్క తీరుగానే కనబడును. వాటిని వేరు చేయు ఉపాయము సాంద్రత అను గుణములో నున్నది.

సాంద్రత అనగా నేమి?

కిలో ఇనుము బరువా, కిలో ప్రత్తి బరువా అని పిల్లలను అడుగు ప్రశ్న మీరెరిగినదే. రెండును ఒక్కటే. కాని కిలో ఇనుము గుప్పెటలో ఇమిడిపోవును. కిలో ప్రత్తికి సంచి కావలెను. వస్తువులో నున్న పదార్థపు మొత్తము ద్రవ్యరాశి. దీనిని కాటాతో తూచి తెలిసికొందుము. అది ఆక్రమించిన చోటు ఘనపరిమాణము. ద్రవ్యరాశిని ఘనపరిమాణముచే భాగించగా వచ్చునది సాంద్రత. లీటరు నీరు ఒక కిలో తూగును. అంతే చోటు పట్టు ఇనుము సుమారు 7.8 కిలోలు తూగును. మేకైనను, నాగటి కర్రైనను ఇనుము ఇనుమే గనుక దాని సాంద్రత మారదు. ముక్కను రెండుగా నరికినచో బరువును సగమగును, పట్టు చోటును సగమగును. సాంద్రత మాత్రము అట్లే యుండును. కనుక సాంద్రత వస్తువు పెద్దదా చిన్నదా అని గాక, దేనితో నిండియున్నదో తెలుపును.

వడ్లగింజ ఒకే పదార్థము కాదు. పైన పొట్టు, లోన బియ్యము, నడుమ కొంత గాలి. పొట్టు పరిమాణము ఇంచుమించు ఒకటే అయినను, లోపల బియ్యము తక్కువై గాలి ఎక్కువైన గింజకు సాంద్రత తగ్గును.

కుంచము, కాటా చెప్పలేనిది

1956 నాటి చట్టముతో మెట్రిక్ కొలతలు రాకమునుపు ధాన్యమును కుంచములతో కొలుచుట వాడుక. కుంచము చోటును మాత్రమే చెప్పును. కాటా బరువును మాత్రమే చెప్పును. తాలు కలిసిన వడ్లును కుంచము నిండా వచ్చును. తడిసిన వడ్లును కాటాపై బరువు చూపును. జల్లెడ పట్టినను చిన్న గింజ, పెద్ద గింజ వేరగునేగాని బోలు గింజ, నిండు గింజ వేరుకావు. బాపట్లలో రూపొంది 1986 లో విడుదలయిన సాంబమసూరి (బి.పి.టి. 5204) సన్న గింజ రకము. సన్న గింజ యనగా తాలు గింజ కాదు. దాని గింజ చిన్నదే యైనను నిండుగా నున్నచో, సగము నిండిన లావు గింజకంటె సాంద్రమైనది.

ఒక పరీక్ష మీరే చేసి చూడవచ్చును. ఒకే రకము, ఒకే తీరుగా ఎండిన రెండు కుప్పలనుండి ఒకే డబ్బా నిండా వడ్లు తీసి తూచుడు. బరువు ఎక్కువ తూగినది గట్టి ధాన్యము.

మంచినీరు చాలదా?

నీటిలో వేసిన గింజ తాను పట్టినంత చోటు నీటిని ప్రక్కకు నెట్టును. అట్లు నెట్టబడిన నీటికంటె గింజ బరువైనచో మునుగును, తేలికయైనచో తేలును. మంచినీటిలో పూర్తి తాలు మాత్రమే తేలును. సగము నిండిన గింజలలో అనేకము మునిగిపోవును. వాటిని తేల్చవలెనన్నచో నీటి సాంద్రతనే పెంచవలెను.

మంగళగిరి కొండపై స్వామికి సమర్పించు బిందెడు పానకము బిందెడు మంచినీటికంటె ఎక్కువ తూగును. బెల్లము కరిగి నీటిలో ఇమిడినందున బరువు పెరిగినంతగా చోటు పెరుగలేదు. ఉప్పు విషయమును ఇట్లే. 10 లీటర్ల నీటిలో 1½ కిలో ఉప్పు కరిగించినచో బరువు 11½ కిలోలగును; పరిమాణము సుమారు 10½ లీటర్లే. అనగా లీటరు సుమారు 1.09 కిలో తూగును. ఈ నీటిలో సగము నిండిన గింజలును పైకి వచ్చును.

జపానులో పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమునుండియు ఇట్లు విత్తనము నెన్నుకొనుచున్నారు. మన దేశములో 1953 లో సాగిన జపాను పద్ధతి వరిసాగు ప్రచారములో ఇదియు ఒక అంశము.

చేయు విధానము

1. బాగుగా ఎండి, మందు కలపని విత్తనమునే తీసికొనుడు. ఎకరాకు నాటుటకు 20 నుండి 25 కిలోలు చాలును. తేలిపోవు దానికై మరికొంత కలుపుకొనుడు.

2. వెడల్పాటి తొట్టిలో 10 లీటర్ల నీరు పోసి, తాజా కోడిగ్రుడ్డు నొకదానిని విడువుడు. అది అడుగున పడియుండవలెను. నిలువయున్న గ్రుడ్డులో తేమ తగ్గి గాలి చేరును గనుక అది మంచినీటిలోనే లేచును; పరీక్షకు పనికిరాదు.

3. గ్రుడ్డు తీసి, కొంచెము కొంచెముగా ఉప్పు వేసి కలుపుచు మరల మరల విడిచి చూడుడు. గ్రుడ్డు పైకి తేలి రూపాయి బిళ్ళంత మేర నీటిపైన కనబడినచో చాలును. సుమారు 1½ కిలో ఉప్పు పట్టును.

4. విత్తనమును కొద్ది కొద్దిగా వేసి చేతితో కలియబెట్టుడు. పొట్టు నూగుకు పట్టిన గాలి బుడగలు పోనిచో గట్టి గింజయు తేలును.

5. తేలిన వాటిని వెంటనే జల్లెడతో తీసివేయుడు. మునిగిన వాటిని ఉప్పులో నిలువయుంచక రెండు మూడు మార్లు మంచినీటితో కడుగుడు. విత్తనశుద్ధి మందు, నానబెట్టుట, మండెకట్టుట ఆ తరువాతనే.

గుర్తుంచుకొనవలసినవి

మొదట దోసెడు గింజలతో చూడుడు. తేలిన గింజలు ఒలిచి చూడగా బియ్యము నిండుగా నున్నచో ఉప్పు ఎక్కువైనదని తెలిసికొని కొంత నీరు కలుపుడు. తేలిన గింజలను కడిగి, ఎండబెట్టి కోళ్ళకు వేయవచ్చును. మిగిలిన ఉప్పునీటిని నారుమడిలోను, కాలువలోను పోయరాదు.

మునిగినదెల్ల మొలచునని భ్రమపడరాదు. పాతబడి ప్రాణము పోయిన గింజయు గట్టిదైనచో మునుగును. కావున మునిగిన వానిలో 100 గింజలు తడి గోనెపట్టాలో చుట్టి మొలక చూడుడు. 80 కి తక్కువ మొలచినచో ఆ విత్తనము వాడరాదు.

దీనికి కావలసినది ఒక తొట్టి, కొంత ఉప్పు, ఒక గ్రుడ్డు, ఒక పూట పని మాత్రమే. ఎకరా నాటుటకు వేయు నారుమడి అయిదు సెంట్లే గాని, పైరు మంచిచెడ్డలకు పునాది అక్కడనే పడును. ఈ మారు విత్తనమును తేల్చి చూచి, తేలినదానిని విడిచి, మునిగినదానినే చల్లుడు.