ఒకే ముఖం, ఇద్దరు మనుషులు

నానక్‌రామ్‌గూడలో మేముండే చోట పక్కపక్కనే రెండు భవనాలున్నాయి. ఎత్తు ఒకటే, రంగు ఒకటే, కిటికీల వరసా ఒకటే. నెత్తిన ఒకదానికి 'ఏ' అనీ, రెండోదానికి 'బి' అనీ వ్రాసి ఉండకపోతే కట్టిన మేస్త్రీ అయినా పోల్చుకోలేడు. మొన్న మా ఊరినుంచి పెద్దనాన్న వచ్చారు. సాయంత్రం అలా నడిచివస్తానని వెళ్ళి, తిరిగి వస్తూ గుమ్మం పొరబడ్డారు. ఏడో అంతస్తు ఎక్కి, అచ్చం మా తలుపులాంటి తలుపే తట్టారు. ఎవరో అమ్మాయి తలుపు తీసి, "ఎవరు కావాలి తాతగారూ?" అన్నదట. "ఇది మావాడి ఇల్లే! నువ్వెవరమ్మా?" అన్నారట ఈయన.

సంగతి విని మేమంతా విరగబడి నవ్వాము. ఆయన మాత్రం నవ్వలేదు. "మీ ఇల్లు కాదండీ అన్నప్పుడు ఒక్క క్షణం ఒళ్ళు చల్లబడిందిరా" అన్నారు.

ఆ నవ్వూ, ఆ ఒళ్ళు చల్లబడటమూ రెండూ కలిస్తే షేక్స్పియరు వ్రాసిన 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్' అవుతుంది. ఆయన నాటకాలన్నిటిలోకీ చిన్నది ఇదే. 1594 డిసెంబరు 28 రాత్రి లండనులో న్యాయశాస్త్ర విద్యార్థులుండే గ్రేస్ ఇన్‌లో దీన్ని ఆడారు. ఆ రాత్రి జనం తొక్కిడివల్ల సభ అంతా గందరగోళమై, ఆ రాత్రికే 'పొరపాట్ల రాత్రి' అని పేరు పడిపోయింది.

కథ చాలామందికి తెలిసినదే. సిరక్యూసు వర్తకుడు ఏజియన్‌కు కవల పిల్లలు. వాళ్ళకు సేవకులుగా పెంచిన పిల్లలు మరో కవలల జంట. ఓడ పగిలి, తండ్రి దగ్గర ఒక కొడుకూ ఒక సేవకుడూ మిగిలారు. తల్లి, రెండో జంట ఏమైనారో తెలియదు. పెరిగి పెద్దవాడైన కొడుకు అన్నదమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాడు. వాణ్ణి వెతుక్కుంటూ తండ్రి బయలుదేరి చివరకు ఎఫిసస్ పట్టణం చేరాడు. ఆ రెండు పట్టణాలకూ బద్ధవైరం. సాయంత్రంలోగా వెయ్యి మార్కుల జరిమానా కట్టకపోతే తల తీస్తామన్నారు. అదే రోజు, అదే ఊళ్ళో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా రెండు జంటలూ తిరుగుతున్నాయి!

ఈ పాఠం చెప్పినప్పుడల్లా మా తరగతిలో ఎవరో ఒకరు లేచి, "మాస్టారూ, కవలలు ఉండవచ్చు. ఇద్దరికీ ఆంటిఫోలస్ అనే ఒకే పేరు పెట్టిన తండ్రి ఎవరండీ?" అని అడుగుతారు. సేవకులిద్దరి పేరూ డ్రోమియోనే. నిజమే, దానికి సమాధానం షేక్స్పియరు దగ్గరా లేదు. ఆయనకూ 1585లో కవలలు పుట్టారు గాని, ఒకడు మగపిల్లవాడు, ఒకతె ఆడపిల్ల. హామ్నెట్, జూడిత్ అని వేరువేరు పేర్లే పెట్టుకున్నాడు.

అసలు కథ రోమను నాటకకర్త ప్లాటస్‌ది. ఆయన నాటకంలో ఒక్క కవలల జంటే ఉన్నది. సేవకుల జంటను చేర్చి చిక్కు రెట్టింపు చేసినది షేక్స్పియరు. దానికన్న పెద్ద పని, మొదటి రంగంలోనే మెడమీద కత్తి వేలాడుతున్న ఒక ముసలి తండ్రిని నిలబెట్టడం. ఆ తరువాత ప్రేక్షకుడు ఎంత నవ్వినా, పొద్దు వాలుతున్నదన్న సంగతి మనసులో ఒక మూల మెదులుతూనే ఉంటుంది.

పాత్రలలోకి వద్దాం. సిరక్యూసు ఆంటిఫోలస్ దిగులు మనిషి. సముద్రంలో మరో చుక్కను వెతకబోయి తానే కలిసిపోయిన నీటిచుక్కతో తనను పోల్చుకుంటాడు. ఊరివాళ్ళందరూ పేరు పెట్టి పలకరిస్తుంటే, మంత్రగాళ్ళ ఊళ్ళో పడ్డానేమోనని హడలిపోతాడు. ఎఫిసస్ అన్న (అన్నో తమ్ముడో, ఎవడు పెద్దో వాళ్ళకే సరిగా తెలియదు) పరువుగల గృహస్థు, కోపిష్ఠి. తన ఇంటి తలుపు తనకే మూసుకుపోతుంది. లోపల భార్య ఏడ్రియానా, భర్తే అనుకొని మరిదికి భోజనం పెడుతున్నది! ఆ కోపంలో, భార్యకని చేయించిన బంగారు గొలుసును వేరొకతెకు ఇస్తానంటాడు. గొలుసు ఒకడికి అందుతుంది, డబ్బు రెండోవాణ్ణి అడుగుతారు. చివరకు వాడికి పిచ్చి అని తేల్చి, పించి అనే బడిపంతులుచేత భూతవైద్యం చేయిస్తారు. మా వృత్తివాళ్ళకు షేక్స్పియరు చేసిన మర్యాద అది!

నాకు అందరికన్న నచ్చిన పాత్ర ఏడ్రియానా. మగవాళ్ళకున్న స్వేచ్ఛ మాకెందుకు లేదని మొదటే అడుగుతుంది. పెళ్ళికాని చెల్లెలు లూసియానా ఓర్పు గురించి నీతులు చెబితే, ముందు నువ్వు పెళ్ళి చేసుకొని చూడు అన్న ధోరణిలో జవాబిస్తుంది. ఆమెను గయ్యాళిగా ఆడితే జనం నవ్వుతారు గాని నాటకం సగం చచ్చిపోతుంది.

ఈ సందర్భంలో ఒక విశేషం చెప్పాలి. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఈ నాటకాన్నే 'చమత్కార రత్నావళి' అని తెలుగు చేశారు. ధార్వాడ నాటక సమాజం వారు వచ్చి ఆడి వెళ్ళిన పాకలోనే, తమ విద్యార్థులచేత దాన్ని ఆడించారు. తెలుగు నాటక ప్రదర్శన తొలి అడుగులలో అదొకటి. మరుసటి యేడు, 1881 డిసెంబరు 11న, అదే ఊళ్ళో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారు. వంగదేశంలో అదే ఉద్యమానికి మూలపురుషుడైన ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు కూడా 1869లో ఈ కథనే 'భ్రాంతివిలాస్' అని బెంగాలీ వచనంలో వ్రాశారు. షేక్స్పియరు నాటకాలు అన్ని ఉండగా, ఇద్దరు వితంతు వివాహవాదులకూ ఈ కవలల కథే ఎందుకు నచ్చింది? కాకతాళీయం కావచ్చు. ఏడ్రియానా అడిగిన ప్రశ్న చెవిని పడిందేమోనని మాత్రం నా ఊహ.

మన సినిమావాళ్ళకూ ఒకే ముఖంగల ఇద్దరంటే ప్రాణం. నానక్‌రామ్‌గూడలో తన పేర స్టూడియో వెలయించిన డి. రామానాయుడుగారు, సురేష్ ప్రొడక్షన్స్ పేరిట మొట్టమొదట తీసిన చిత్రం 1964 నాటి 'రాముడు భీముడు'. తాపీ చాణక్య దర్శకుడు, ఎన్.టి. రామారావు ద్విపాత్రాభినయం. అది షేక్స్పియరు కథ కాదు. ఎఫిసస్‌లో చిక్కంతా పొరపాటుదే, స్వభావాలతో దానికి పనిలేదు. మనవాళ్ళ రాముడు పిరికివాడు, భీముడు గడుసువాడు. బావ కొరడా కింద నలిగిన రాముడి స్థానంలోకి భీముడు వచ్చి నిలబడతాడు. మన ప్రేక్షకుడికి పొరపాటు ఒక్కటే చాలదు, దెబ్బకు దెబ్బ కూడా కావాలి. ఆ కథే తరువాత తమిళంలో 'ఎంగ వీట్టు పిళ్ళై' (1965), హిందీలో 'రామ్ ఔర్ శ్యామ్' (1967) అయింది. మూడింటికీ దర్శకుడు చాణక్యే.

ఇదంతా ఆ రాత్రి భోజనాల దగ్గర పెద్దనాన్నకు చెప్పుకొచ్చాను. నవ్వవలసిన చోట నవ్వారు. చివర ఏజియన్‌ను వధ్యస్థానానికి తీసుకుపోతున్నారు. ఎదురుగా కొడుకు కనిపించాడు. ముసలాయన ఆశగా పలకరిస్తే, నువ్వెవరో నాకు తెలియదు పొమ్మన్నాడు. వాడు పెంచిన కొడుకు కాదు, ఎఫిసస్‌లో పెరిగిన రెండోవాడు. వాడికి తండ్రి ముఖమే తెలియదు. ఏడేళ్ళలో నా గొంతు అంత మారిపోయిందా అని ఆ తండ్రి కుమిలిపోతాడు.

పెద్దనాన్న ముద్ద కలపడం ఆపారు. "తరువాత?"

మఠంలోనుంచి సన్యాసిని వచ్చింది, ఆమే తల్లి ఎమీలియా. కవలలు నలుగురూ ఒకచోట కలిశారు, చిక్కు విడిపోయింది అని చెప్పాను.

"అది సరే, ఆ పొమ్మన్నవాడు ఏం చేశాడు?"

తన డబ్బు సంచీ తీసి, ఇది మా తండ్రి విడుదలకు అని ప్రభువు ముందు పెట్టాడనీ, ప్రభువు డబ్బు తీసుకోకుండానే వదిలేశాడనీ చెప్పాను.

"తండ్రి అన్నాడన్నమాట" అని పెద్దనాన్న మజ్జిగ పోయమన్నారు.