షిబ్బోలెత్ పరీక్ష

యొర్దాను రేవుల దగ్గర గిలాదువారు కాపు కాశారు. యుద్ధంలో ఓడి పారిపోతున్న ఎఫ్రాయిమీయులను గుర్తుపట్టడానికి వారు పెట్టిన పరీక్ష ఒకే ఒక్క మాట, ‘షిబ్బోలెత్’. అది నోరు తిరగక ‘సిబ్బోలెత్’ అన్నవాణ్ణి అక్కడే చంపేశారు. ఆ కాలంలో ఎఫ్రాయిమీయులు 42 వేలమంది కూలారని బైబిలు చెబుతోంది (న్యాయాధి 12:5,6). ఇరుపక్షాలవారూ యాకోబు సంతానమే. కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున జరిగిన అన్నదమ్ముల పోరు కథ విని పెరిగిన పల్నాటి వారికి ఆ విషాదం వేరుగా చెప్పనక్కర్లేదు. ఎదుటివాడి మనసులో ఏముందో ఎవరూ అడగలేదు. నోటినుండి వచ్చిన శబ్దాన్ని బట్టే తీర్పు జరిగిపోయింది.

ఈనాడు యూట్యూబ్‌లో కామెంట్లను జల్లెడ పట్టే యంత్రాల తీరూ దాదాపు ఇంతే. లెక్కకు మించిన కామెంట్లను మనుషులు చదవలేరు గనుక కంప్యూటరే చదివి, బూతు, ద్వేషం, మోసం అనిపించినవాటిని తీసేస్తుంది లేదా పక్కన పెడుతుంది. పొరపాట్లూ చేస్తుంది. 2020లో కోవిడ్ సమయంలో యూట్యూబ్ వీడియోల తనిఖీని ఎక్కువగా యంత్రాలకే వదిలేసింది. ఏప్రిల్ నుండి జూన్ వరకు 3 నెలల్లోనే 1.14 కోట్ల వీడియోలు తొలగిపోయాయి. తప్పులేనివి కూడా పోతున్నాయని గ్రహించి, ఆ పనిని మళ్లీ మనుషులకు అప్పగించింది. అదే ఏడాది చైనా కమ్యూనిస్టు పార్టీని విమర్శించే ఒక చైనీస్ పదం రాసిన కొద్ది సెకన్లలోనే మాయమయ్యేది. సెన్సార్ చేస్తున్నారని గగ్గోలు పుట్టింది. అది తమ వ్యవస్థలో జరిగిన పొరపాటని సంస్థ ఒప్పుకుంది.

నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల్లో చిన్న సంఘాలు సైతం ఇప్పుడు ఆరాధనను ప్రత్యక్ష ప్రసారం చేస్తున్నాయి. ‘స్తోత్రం అని రాసినా కనబడలేదు, క్రైస్తవులమని మన నోరు నొక్కుతున్నారు’ అని కొందరు విశ్వాసులు మాతో అంటుంటారు. వారి బాధ అర్థమవుతుంది. కానీ హింస అనే పెద్ద మాట వాడేముందు కారణం తెలుసుకోవాలి. పిల్లల కోసం చేసినవిగా గుర్తించిన వీడియోల కింద 2020 జనవరి నుండి ఎవరూ కామెంటు రాయలేరు. సండే స్కూలు పాటైనా, వేరెవరి పాటైనా ఒకటే నియమం. అది పసివారి రక్షణ కోసం పెట్టినది. ఇతర వీడియోల విషయానికొస్తే, యంత్రం అనుమానించిన కామెంటు చాలాసార్లు చానల్ నడిపేవారి పరిశీలన కోసం 60 రోజుల వరకు ఆగి ఉంటుంది. వారు తెరిచి చూసి అనుమతిస్తే అందరికీ కనబడుతుంది. అంటే తాళంచెవి మన సంఘంలోనే ఉంది! జబ్బుపడిన బిడ్డ కోసం ప్రార్థించమని ఒక తల్లి అర్ధరాత్రి రాసిన మనవి అక్కడ చిక్కుకుపోతే, తెరిచి చూసేదెవరు?

మరోమాట. వేరొక సంఘ బోధకుణ్ణి దూషిస్తూ మనం రాసింది యంత్రం తీసేస్తే అది క్రీస్తు కొరకైన శ్రమ కాదు. కీడు చేసి అనుభవించే శ్రమ వేరు, క్రైస్తవుడైనందుకు పడే శ్రమ వేరు అని పేతురు స్పష్టంగా చెప్పాడు (1 పేతురు 4:15,16). నిజంగా అన్యాయం జరిగితే పునఃపరిశీలన కోరవచ్చు, కోరాలి కూడా.

యంత్రాన్ని నిందించే మనమూ రేవు దగ్గర కాపలాదారులమే. యాసను బట్టి, కులాన్ని బట్టి, ప్రార్థనలో వాడే మాటను బట్టి సాటి విశ్వాసిని వెలివేయడం లేదా?

షిలోహు మందిరంలో హన్నా పెదవులు కదులుతున్నాయి, స్వరం వినబడడం లేదు. యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. అయితే ఆమె తన దుఃఖాన్ని చెప్పుకున్నప్పుడు విన్నాడు, తన తీర్పు మార్చుకున్నాడు, దీవించి పంపాడు (1 సమూ 1:12-17). పెదవుల వెనకున్న హృదయాన్ని చూసేది దేవుడొక్కడే. మనిషి చేయగలిగింది ఆగి వినడం. ప్రతి సంఘంలోనూ వారానికొకసారి ఆ ఆగిపోయిన కామెంట్లను తెరిచి చదివే ఒక పెద్దను నియమించుకుందాం. వాటిలో ఒక హన్నా మొర ఉండవచ్చు.